చలి ముదరకముందే పశువుల సాలలో సర్దుకోవాల్సినవి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి వైపు మా ఊళ్లో కార్తీకం నుంచే కొబ్బరితోటల్లో మంచు దిగుతుంది. పుష్యం వచ్చేసరికి తెల్లవారుజామున నాలుగున్నరకి సాలలోకి వెళ్లిన మనిషికి వేళ్లు ముడిస్తే తెరుచుకోవు, తెరిస్తే ముడుచుకోవు. 50 దాటినవాళ్లకి, అందులోనూ ఏళ్ల తరబడి పాలు పితికిన ఆడవాళ్లకి, అరసవల్లిలో రథసప్తమి అయ్యేదాకా ఈ అవస్థ తప్పదు. పని మానెయ్యమని చెప్పడం తేలిక. రెండు గేదెల మీద ఇల్లు నడిచే చోట అది కుదిరే మాట కాదు. కానీ వేళ్ల మీద పడే బరువును అరచేతికి, మోచేతికి మార్చుకోవచ్చు. ఆ ఏర్పాట్లు ఇప్పుడే చేసుకోవాలి.

అన్నిటికంటే ముందు పలుపు, అంటే గేదెను కట్టే తాడు సంగతి. రెండేళ్ల కిందట మా అమ్మ, వేళ్లకి పట్టు చిక్కక, పలుపుని చేతికి రెండు చుట్లు చుట్టుకుని గేదెను బయటికి తెచ్చింది. రోడ్డు మీద ట్రాక్టర్ హారన్ కొట్టగానే గేదె బెదిరి ఒక్క లాగు లాగింది. ఉంగరపు వేలు కణుపు దగ్గర కీలు తప్పింది. ఆ వేలు ఇప్పటికీ పూర్తిగా మడవలేదు. చేతిలో పట్టు లేనప్పుడే తాడు చుట్టుకోవాలనిపిస్తుంది, ప్రమాదమూ అప్పుడే. పట్టు లేకపోతే ఇంకొకరిని పిలవండి, లేదా వేళ్లు సడలేదాకా గేదెను కదపకండి. చుట్టుకోవడం మాత్రం వద్దు.

మన దగ్గర దొరికే కొబ్బరి పీచు తాడు గరుకు. మంచుకి తడిస్తే ముడి రాయిలా బిగుస్తుంది. ఈ నాలుగు నెలలకి లావుపాటి నూలు తాడు తీసుకుని, ఒక చివర ఉచ్చు వేసి, రెండో చివర బెత్తెడు కర్రముక్క అడ్డంగా కట్టండి. కర్రను ఉచ్చులోంచి దూర్చి తిప్పితే పలుపు నిలుస్తుంది. ముడి వేసే పని లేదు, విప్పే పనీ లేదు. ఉచ్చు వదులైతే గేదె తల విదిల్చి ఊడదీసుకుంటుంది కాబట్టి పగటిపూట వారం రోజులు చూసుకున్నాకే రాత్రికి నమ్మండి.

పాలు పితకడం దగ్గర తొందర పనికిరాదు, ఆలస్యమూ పనికిరాదు. గేదె చేపిన తర్వాత పాలు ధారాళంగా దిగేది సుమారు ఐదారు నిమిషాలే. బిగుసుకున్న వేళ్లతో అప్పుడు కూర్చుంటే సగం పాలు పొదుగులోనే ఉండిపోతాయి. పైగా చల్లటి చెయ్యి తగిలితే గేదె కాలు విసురుతుంది. అందుకే ముందు మీ చేతులు గోరువెచ్చని నీళ్లలో 5 నుంచి 10 నిమిషాలు ఉంచి, పిడికిలి మూసి తెరుస్తూ ఉండండి. తర్వాత వేరే గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, గుడ్డతో తుడిచి, అప్పుడు గేదె చేపడానికి దూడను వదలండి. షుగర్ ఉన్నవాళ్లకి చేతులకి వేడి సరిగా తెలియకపోవచ్చు, నీళ్లు ఇంకొకరు చూసి ఇవ్వాలి.

బొటనవేలు లోపలికి మడిచి, దాని కణుపుతో చన్ను నొక్కి పితికే అలవాటు చాలామందికి ఉంది. ఆ బొటనవేలి కీలే ముందు పాడవుతుంది, చన్నుకీ దెబ్బ. నిండు పిడికిలితో పితకడం నేర్చుకోవడానికి ఒక నెల పడుతుంది, మా అమ్మకీ అంతే పట్టింది.

నీళ్లు రాత్రే నింపి పెట్టుకోకండి. తెల్లారేసరికి తొట్టిలో నీళ్లు జివ్వుమంటాయి. బోరు నుంచి అప్పుడే తోడిన నీళ్లు చలికాలంలో గోరువెచ్చగా వస్తాయి, గేదెలూ ఇష్టంగా తాగుతాయి. 10 లీటర్ల బకెట్ అంటే 10 కిలోలు వేళ్లకి వేలాడుతున్నట్టే. సగమే నింపి రెండుసార్లు మొయ్యండి. పార, చీపురు పిడులకి పాత సైకిల్ ట్యూబ్ చుట్టి లావు చేస్తే అంత గట్టిగా బిగించి పట్టక్కర్లేదు. పేడ ఎత్తడానికి రబ్బరు గ్లౌజులు వాడండి. చలికి పగిలిన చర్మంలోంచి పశువుల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు ఎక్కుతాయి. ఉన్ని గ్లౌజులు తడిస్తే ఇంకా చలి.

గడ్డి కోసే యంత్రం దగ్గరికి తెల్లవారుజామున అసలు వెళ్లొద్దు. మొద్దుబారిన వేళ్లకి బ్లేడు ఎంత దూరంలో ఉందో తెలియదు. ముందురోజు మధ్యాహ్నమే కోసి పెట్టుకోండి, అదీ గ్లౌజులు తీసేసి. చలి కాచుకునే మంట గడ్డికుప్పకి దూరంగా, గాలి విసురు తగలని చోట ఉండాలి.

నొప్పి బిళ్ళల గురించి గట్టిగా చెప్పాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇంకా తేలలేదు. కానీ రోజూ మింగే నొప్పి బిళ్ళలు కిడ్నీలకి చేటని తేలిన విషయమే. మందుల షాపులో అడిగి తెచ్చుకుని మింగకండి. పొద్దున్న గంట దాటినా వేళ్లు సడలకపోయినా, రెండు చేతుల కణుపులూ వాచినా, రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తున్నా, చలికి వేళ్లు తెల్లబడి నీలంగా మారినా డాక్టర్‌కి చూపించండి. కీళ్లవాతం మొదట్లోనే పట్టుకుంటే వేళ్లు వంకర్లు పోకుండా ఆపే మందులున్నాయి.

కనుమనాడు పశువులను కడగడం కూడా పొద్దెక్కి, ఎండ వీపుకి తగిలాకే పెట్టుకోండి.