కెనడాలో పిల్లల దగ్గరికి, మూడవ పాఠం: మందుల చీటీతో బీమా కాగితాన్ని సరిచూడటం

గత రెండు పాఠాలలో సూపర్ వీసా కోసం, అంటే కెనడాలోని పిల్లల దగ్గర ఎక్కువ కాలం ఉండటానికి తల్లిదండ్రులకు ఇచ్చే వీసా కోసం, పాస్‌పోర్టు గడువును, కెనడాలో ఉన్న కొడుకో కూతురో పంపవలసిన ఆహ్వాన లేఖను, వారి ఆదాయ పత్రాలను సర్దుకున్నాం. ఇక మిగిలింది వైద్య బీమా. చెన్నైలో మా బంధువులలో నలుగురైదుగురికి ఈ కాగితాలు సర్దిపెట్టాను. పెద్దవాళ్ళయినా, వాళ్ళ పిల్లలైనా ఎక్కువగా తడబడింది ఇక్కడే.

సూపర్ వీసా కోరేవారి పాలసీ కనీసం 1,00,000 కెనడా డాలర్లకు ఉండాలి, ఆ దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచి కనీసం ఒక సంవత్సరం చెల్లాలి, వైద్యం, ఆసుపత్రి ఖర్చులతో పాటు స్వదేశానికి తరలించే ఖర్చు కూడా అందులో ఉండాలి. కొటేషన్ కాగితం జతచేస్తే ఒప్పుకోరు. ప్రీమియం మొత్తం గాని, వాయిదాల పద్ధతి అయితే తొలి మొత్తం గాని కట్టిన రుజువు చూపాలి. మునుపు పాలసీ ఇచ్చేది కెనడా కంపెనీయే అయి ఉండాలనేవారు. 2025 జనవరి 28 నుంచి బయటి దేశాల కంపెనీలకూ అనుమతి ఇచ్చారు గాని, కెనడాలో బీమా వ్యాపారం చేయడానికి అక్కడి ఆర్థిక సంస్థల నియంత్రణ కార్యాలయం అనుమతించిన వాటికే అది వర్తిస్తుంది. కాబట్టి విమానం టికెట్టుతో పాటు వీధి చివరి ట్రావెల్స్ వాళ్ళు కలిపి ఇచ్చే మామూలు పాలసీ ఈ పనికి రాదు.

పేరు విషయం రెండు మాటల్లో చెప్పి ముందుకు వెళతాను. తమిళనాడులో చదువుకున్న మనవాళ్ళ సర్టిఫికెట్లలో ఇంటిపేరు పోయి తండ్రి పేరులోని మొదటి అక్షరం ఒక్కటే మిగిలి ఉంటుంది, పాస్‌పోర్టులో మాత్రం అది పూర్తి పేరుగా విడివడి ఉంటుంది. పాలసీలో పాస్‌పోర్టులోని పేరే, అదే వరుసలో రాయించాలి.

ఇప్పుడు అసలు పాఠం. పాలసీ పుస్తకంలో ‘స్టేబుల్’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనం వెతకండి. ముందునుంచీ ఉన్న బీపీ, షుగరు, గుండె జబ్బు వంటి వాటికి ఖర్చు ఇస్తామనే పాలసీలు కూడా, పాలసీ మొదలయ్యే తేదీకి ముందు ఇన్ని రోజులు, అంటే సాధారణంగా 90 గాని 180 గాని, ఆ జబ్బు నిలకడగా ఉండాలని షరతు పెడతాయి. మనం నిలకడ అంటే ఒంట్లో బాగుండటం అనుకుంటాం. బీమా కంపెనీ లెక్కలో మాత్రం ఆ రోజుల్లో కొత్త లక్షణం కనిపించకపోవడం, కొత్త పరీక్షకో పెద్ద డాక్టరుకో రాసివ్వకపోవడం, అన్నిటికంటే ముఖ్యంగా మందులో గాని మోతాదులో గాని మార్పు లేకపోవడం నిలకడ. మోతాదు తగ్గినా అది మార్పే. జబ్బు తగ్గుముఖం పట్టిందని డాక్టరు సంతోషంగా సగం చేసిన మాత్ర కూడా క్లెయిము దగ్గర అడ్డుపడుతుంది.

మా బావగారి చీటీ ముందు పెట్టుకుందాం. పాత చీటీలో మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు, పక్కన 0-0-1 అని ఉంది, అంటే రాత్రి ఒకటి. జనవరి 20 నాటి చీటీలో అదే మాత్ర, అదే 500, పక్కన మాత్రం 1-0-1. మాంబళంలోని అదే మందుల షాపులో అదే రంగు స్ట్రిప్పు కొంటున్నారు కాబట్టి, ఆయన బీమా దరఖాస్తులో ‘మందులు మారలేదు’ అన్న గడిలో నిశ్చింతగా టిక్కు పెట్టారు. అబద్ధం చెప్పాలని కాదు, ఆయన దృష్టిలో మాత్ర మారలేదు, అంతే. కంపెనీ దృష్టిలో రోజుకు 500 కాస్తా 1000 అయింది.

ఆయన ప్రయాణం మే 10, పాలసీ మొదలయ్యేదీ ఆ రోజే. జనవరిలో మిగిలిన 11 రోజులు, ఫిబ్రవరి 28, మార్చి 31, ఏప్రిల్ 30, మేలో 10 కలిపితే 110 రోజులు. తొంభై రోజుల షరతున్న పాలసీలో ఆయన షుగరు నిలకడగా ఉన్నట్టే. నూట ఎనభై రోజుల పాలసీలో జూలై 19 వరకు కాదు. ఏజెంటు చూపించిన రెండింటిలో చవకది రెండోది. మేము మొదటిది తీసుకుని, గడిలో టిక్కు సరిదిద్ది పంపాం.

ఒకే మందు, ఒకే మోతాదు ఉండి కంపెనీ పేరు మాత్రం మారితే చాలా పాలసీలు దాన్ని మార్పుగా లెక్కించవు. ఇన్సులిన్‌ను రోజువారీగా కాస్త అటూ ఇటూ సర్దుకోవడానికి కూడా చాలాచోట్ల మినహాయింపు ఉంటుంది, కొత్తగా మొదలుపెడితే ఉండదు. ఈ రెండింటినీ మీ పాలసీలోని మాటలతో పోల్చుకున్నాకే నమ్మండి.

డిడక్టిబుల్ అంటే క్లెయిములో మొదట మన జేబులోంచి కట్టే మొత్తం. అది పెంచితే ప్రీమియం తగ్గుతుంది. ఎంత ఎంచుకోవాలన్నది అక్కడ బిల్లు కట్టవలసిన పిల్లలను అడిగి తేల్చుకోండి. వీసా రాకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా, ప్రయాణం వాయిదా పడితే పాలసీ మొదలయ్యే తేదీ జరపనిస్తారా అన్న రెండు ప్రశ్నలకు జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. తేదీ జరిపినప్పుడు పైన చెప్పిన రోజుల లెక్క మళ్ళీ మొదటినుంచి వేసుకోవాలి. బయలుదేరే రోజున పాలసీ ప్రతిని చేతిసంచిలోనే ఉంచుకోండి, దిగిన విమానాశ్రయంలో అధికారి అడగవచ్చు.

అభ్యాసం: ఒకావిడకు మార్చి 3న బీపీ మాత్ర ఆమ్లోడిపిన్‌ను 5 నుంచి 2.5 మిల్లీగ్రాములకు తగ్గించారు. పాలసీ షరతు 90 రోజులు, టికెట్టు మే 25కు. ఆవిడ ప్రయాణాన్ని కనీసం ఎన్ని రోజులు వాయిదా వేయాలి? కాగితం మీద నెలల వారీగా వేయండి. జవాబుతో నాలుగవ పాఠం మొదలుపెట్టి, వైద్య పరీక్షకూ వేలిముద్రలకూ వెళ్ళవలసిన క్రమం చూద్దాం.