పర్లాకిమిడి నుంచే అంటువ్యాధి సహాయక బృందాలకు పటాలు గీసిపెట్టడం ఎలా?

అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితి అనగానే ఒళ్లంతా కప్పే రక్షణ దుస్తుల్లోని వైద్యులే మన కళ్ల ముందు మెదులుతారు. అయితే ఆ వైద్యులు ఒక పల్లెకు చేరాలంటే ఆ పల్లె ఎక్కడుందో, ఏ దారిన వెళ్లాలో, అక్కడ సుమారు ఎన్ని ఇళ్లున్నాయో అంతకుముందే ఎవరో ఒకరు గుర్తించి పెట్టాలి. ఈ పనికి వైద్యవిద్య గాని, పాస్‌పోర్టు గాని అక్కరలేదు. పర్లాకిమిడిలోనో, కాశీనగరంలోనో, గుణుపురంలోనో ఇంట్లో ఒక కంప్యూటరు, ఓ మోస్తరు ఇంటర్నెట్టు, వారానికి రెండు గంటల తీరిక ఉంటే చాలు.

2014 మార్చిలో పశ్చిమ ఆఫ్రికాలోని గినీ దేశపు గెకెడు ప్రాంతంలో ఎబోలా బయటపడినప్పుడు అక్కడికి వెళ్లిన ఎంఎస్‌ఎఫ్ (‘సరిహద్దులు లేని వైద్యులు’ అనే అంతర్జాతీయ సంస్థ) వైద్య బృందాల చేతిలో సరైన పటాలు లేవు. ఎవరైనా గీసి, ఎవరైనా వాడుకోగల ఉచిత ప్రపంచ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. దాన్ని సహాయక పనులకు వాడే హ్యుమానిటేరియన్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టీమ్ పిలుపు అందుకొని, వేర్వేరు దేశాల స్వచ్ఛంద కార్యకర్తలు ఉపగ్రహ చిత్రాలు చూసి ఆ ప్రాంతంలోని ఇళ్లను, దారులను కొద్ది రోజుల్లోనే గీసి ఇచ్చారు. ఎబోలా సోకినవారితో మెలిగిన ప్రతి మనిషినీ 21 రోజుల పాటు గమనిస్తూ ఉండాలి. రోగి తన ఊరి పేరు చెప్పినా ఆ ఊరు పటంలో లేకపోతే ఆ మనుషులను వెతకడానికే విలువైన రోజులు గడిచిపోతాయి. గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల్లో ఆ వ్యాధి 28,600 మందికి పైగా సోకి 11,300 మందికి పైగా ప్రాణాలు తీసింది. అదే ఏడాది నవంబరులో, విపత్తు వచ్చాక కాకుండా ముందుగానే పటాలు సిద్ధం చేయాలన్న ఉద్దేశంతో మిస్సింగ్ మ్యాప్స్ కార్యక్రమం మొదలైంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒడిశాలోని మన గజపతి జిల్లాను దెబ్బతీసిన రోజులను చూసినవారికి, కొండమీది ఊరికి దారి తెలియకపోతే ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

ముందుగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఈమెయిలుతో ఖాతా తెరవాలి. అదే ఖాతాతో హ్యుమానిటేరియన్ టీమ్ వారు పనులు పంచే వెబ్‌సైటు టాస్కింగ్ మేనేజర్‌లోకి ప్రవేశించి, కొత్తవారికి తగినదని సూచించిన ప్రాజెక్టును ఎంచుకోవాలి. ప్రతి ప్రాజెక్టుకూ సూచనల పుట ఉంటుంది. ఇళ్లు మాత్రమే గీయాలా, దారులు కూడా గీయాలా, ఏ ఉపగ్రహ చిత్రాన్ని వాడాలి అన్నవన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి దాన్ని చివరిదాకా చదవకుండా పని మొదలుపెట్టవద్దు. ప్రాజెక్టు ప్రాంతం చిన్న చిన్న గడులుగా విభజించి ఉంటుంది. మీరు తీసుకున్న గడిని అదే సమయంలో మరొకరు గీయకుండా అది మీ పేరిట ఆగి ఉంటుంది.

ఇల్లు గీయడం చూడటానికి తేలికే గాని, అసలు శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. చిత్రాన్ని బాగా దగ్గరికి తెచ్చుకొని, కప్పు అంచు వెంట మూలమూలకూ నొక్కుతూ వచ్చి, మొదటి మూల దగ్గర ముగించాలి. నలుచదరపు ఇంటిని గీశాక ‘క్యూ’ మీట నొక్కితే మూలలు లంబకోణాలుగా సర్దుకుంటాయి. గుండ్రని గుడిసెకు ‘ఓ’ మీట నొక్కాలి. దాన్ని ‘భవనం’గా గుర్తిస్తే ఒక ఇల్లు పూర్తయినట్టే.

నేను మొదటి నెలలో గీసిన ఒక గడి తిరిగి వచ్చింది. గుండ్రని గుడిసెలుగా నేను గుర్తించినవాటిలో పదకొండు చెట్ల తలలని, గీసినవాటిని సరిచూసే పరిశీలకుడు మర్యాదగా రాశారు. చిత్రాన్ని మళ్లీ తెరిచి చూస్తే తేడా తెలిసింది. మనిషి ఉండే గుడిసె చుట్టూ ఊడ్చిన నేల తెల్లగా, గడ్డి లేకుండా కనిపిస్తుంది. అక్కడి నుంచి కాలిబాట ఒకటి బయలుదేరుతుంది. కప్పు ఒక పక్క వెలుగుగా, మరో పక్క నీడగా ఉంటుంది. చెట్టుకు ఆ వాకిలి ఉండదు, దాని అంచు కూడా గరుకుగా ఉంటుంది. మన ఇళ్ల ముందు కళ్లాపి చల్లి ఊడ్చిన వాకిలిని గుర్తుకు తెచ్చుకుంటే, ఎక్కడో ఆఫ్రికాలోని వాకిలి కూడా కంటికి ఆనుతుంది. అప్పటి నుంచి నేను ముందు వాకిలిని వెతికి, తరువాతే కప్పును గీస్తున్నాను.

దారుల విషయంలో అంత కష్టం లేదు. ఒక దారి మరో దారిని కలిసేచోట రెండు గీతలూ నిజంగా అతుక్కోవాలి. వెంట్రుక వాసి ఖాళీ మిగిలినా దారి చూపే యాప్‌కు అక్కడ రోడ్డు తెగిపోయినట్టే. మేఘం అడ్డుపడి కనిపించనిదాన్ని ఊహించి గీయవద్దు, గడి పూర్తికాలేదని వ్యాఖ్యలో రాసి వదిలేయండి. గూగుల్ మ్యాప్స్ నుంచి దేన్నీ ఎత్తి రాయకూడదు, అందుకు అనుమతి లేదు.

కరెంటు పోయే మన ఊళ్లలో పది పదిహేను ఇళ్లకొకసారి భద్రపరచడం మేలు. భద్రపరిచేటప్పుడు వ్యాఖ్యలో ముందే వచ్చి ఉండే ప్రాజెక్టు గుర్తును (హ్యాష్‌ట్యాగ్) అలాగే ఉంచాలి. నెట్టు బాగా నెమ్మదిగా ఉంటే, కాస్త చేయి తిరిగాక కంప్యూటరులోనే పెట్టుకొని నడిపే జోసమ్ అనే సాఫ్ట్‌వేరుకు మారవచ్చు. కంప్యూటరు లేనివారు ఫోనులో మ్యాప్‌స్వైప్ యాప్ పెట్టుకొని, చిత్రాల్లో ఇళ్లున్న గడులను వేలితో తాకి చూపవచ్చు. ఈ పనికి జీతం ఉండదు, నమోదు రుసుము కూడా ఉండదు. డబ్బు కట్టించుకొని చేర్పిస్తామనేవారిని నమ్మవద్దు.

దూరం నుంచి చేయలేని పని ఊరి పేరు రాయడం. కప్పు ఉపగ్రహానికి కనిపిస్తుంది, పేరు కనిపించదు. ఆఫ్రికా పల్లెల పేర్లను అక్కడివారికే వదిలిపెట్టాలి. కానీ మన గుమ్మ, మోహన, సెరంగో వైపు కొండ పల్లెలకు స్థానికులం మనమే. ఒకే ఊరిని తెలుగువారు ఒక రకంగా, ఒడియావారు మరో రకంగా, సవరలు ఇంకో రకంగా పిలిచే చోట్లు మనకు కొత్త కాదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒకే ఊరికి ఏ భాష పేరు ఆ భాషకు కేటాయించిన చోట విడివిడిగా రాసే వీలుంది. ఈసారి ఆ దిక్కు వెళ్లినప్పుడు ఊరి పెద్దను అడిగి, ఆయన పలికినట్టే కాగితం మీద రాసుకొని, మళ్లీ చదివి వినిపించి, ఆయన సరేనన్నాకే పటంలో చేర్చండి.