ఒకేలా కనిపించే టమాటల్లో మనింటికి ఏది నప్పుతుంది? పక్కపక్కన పెంచి తేల్చుకునే పద్ధతి

2021లో నేను పూర్తిగా తప్పు నిర్ణయానికి వచ్చాను. హనుమకొండలో మా ఇంటి వెనక చిన్న పెరడు ఉంది. అందులో గోడ పక్కన అర్క రక్షక్, నల్లా దగ్గర అర్క సామ్రాట్ అనే టమాట రకాలు నాటాను. సామ్రాట్ విరగకాసింది. రక్షక్ మన నేలకు పనికిరాదని పక్కింటి వదినకు, మా చెల్లెకు చెప్పాను కూడా. మరుసటి ఏడాది ఊరికే చోట్లు మార్చి పెట్టాను. ఈసారి నల్లా దగ్గరున్న రక్షక్ విరగకాసింది! గోడ పక్కన గడ్డపారతో తవ్వి చూస్తే జానెడు లోతులో అంతా మొరమే. ఇల్లు కట్టేటప్పుడు పోసింది అక్కడే ఉండిపోయింది. నేను రెండేళ్లు పోల్చింది రకాలను కాదు, రెండు చోట్ల మట్టిని.

అందుకే రకాలను పోల్చాలనుకునేవాళ్లకు ముందు చెప్పేది ఇదే: ఒక రకాన్నంతా ఒకే చోట పెట్టకండి.

2023లో నేను మూడు రకాలు తీసుకున్నాను: రక్షక్, సామ్రాట్, అర్క వికాస్. మూడూ బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవే. గంపలో కలిపి పోస్తే విడదీయడం కష్టం. దగ్గర పెట్టుకుని చూస్తేనే తేడా తెలుస్తుంది. రక్షక్ కాయకు కొంచెం చదరపు పోలిక ఉంటుంది. సామ్రాట్ గుండ్రంగా, నిండుగా ఉంటుంది. వికాస్ కాస్త అదిమినట్టు చదునుగా ఉంటుంది, పచ్చికాయగా ఉన్నప్పుడు తొడిమ చుట్టూ లేత ఆకుపచ్చ భుజాలు కనిపిస్తాయి. మొదటి రెండూ హైబ్రిడ్‌లు. ఆకుముడత వైరస్‌ను, మొక్కను నిలువునా వడలగొట్టే బాక్టీరియా తెగులును, ఆకుమచ్చ తెగులును తట్టుకునేలా తయారుచేసినవి. వికాస్ హైబ్రిడ్ కాదు, దాని విత్తనం దాచుకోవచ్చు. ఇలాంటి దగ్గరి రకాలనే పోల్చాలి. చెర్రీ టమాటను వీటి పక్కన పెడితే ఎందులో ఏది మెరుగో తేలదు.

మా వైపు నేను గణపతి నిమజ్జనం అయ్యాక నారు పోస్తాను. సద్దుల బతుకమ్మ నాటికి ఇరవై నాలుగు, ఇరవై ఐదు రోజుల నారు చేతికొస్తుంది. మూడు రకాలూ ఒకే రోజు పోయాలి, ఒకే రోజు నాటాలి. ఒక రకం వారం ఆలస్యంగా మొలిస్తే ఆ సంగతి పుస్తకంలో రాయండి. లేకపోతే డిసెంబరులో అది ఆలస్యంగా కాసిందని రకాన్నే తప్పుపడతాం.

నాటే రోజు కాగితం మీద ముగ్గు చుక్కల్లాగా మూడు వరుసలు, వరుసకు మూడు చుక్కలు పెట్టుకోండి. మొదటి వరుసలో వికాస్, రక్షక్, సామ్రాట్. రెండో వరుసలో సామ్రాట్, వికాస్, రక్షక్. మూడో వరుసలో రక్షక్, సామ్రాట్, వికాస్. ఇప్పుడు అడ్డంగా చూసినా, నిలువుగా చూసినా ప్రతి వరుసలో ప్రతి రకం ఒక్కసారే వస్తుంది. గోడ నీడ, మొరం, నల్లా తడి అన్నిటికీ సమానంగా పంచినట్టు. మొక్కకు మొక్కకు రెండడుగులు వదలండి. రకానికి ఒక మొక్క చొప్పున సంచుల్లో అదనంగా పెట్టుకుంటే, ఏదైనా చనిపోయినప్పుడు ఆ చోటు ఖాళీ కాదు. కిందటేడు వంకాయో, మిర్చో, టమాటో వేసిన చోట మాత్రం నాటకండి. ఇవన్నీ ఒకే కుటుంబం, తెగులు మట్టిలోనే కాచుకుని ఉంటుంది.

పేర్ల చీటీల దగ్గర చాలామంది మోసపోతారు, నేనూ మోసపోయాను. మార్కర్‌తో రాసింది రెండు నెలల ఎండకు తెల్లబోయింది. పెన్సిల్‌తో రాయండి, అది ఎండకు పోదు. పెరుగు డబ్బా మూతను పట్టీలుగా కోసి, గరుకు కాగితంతో రుద్ది, దాని మీద పెన్సిల్‌తో రాసి మొక్క మొదట్లో గుచ్చుతున్నాను. అయినా కాగితం మీద గీసిన పటమే అసలు ఆధారం. దాన్ని బియ్యం డబ్బా మూత లోపల అంటించాను.

ఎరువు, నీళ్లు, మందు అన్నీ అన్నిటికీ ఒకేలా ఉండాలి. ఒక మొక్కకు తెల్లదోమ పట్టిందని దానికొక్కదానికే వేపనూనె కొడితే పోలిక పోయినట్టే. లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట తొమ్మిది మొక్కలకూ కొడతాను. పచ్చగా ఉన్న మొక్క ఉన్నట్టుండి వాడిపోతే, మొదలు దగ్గర రెండంగుళాల ముక్క కోసి, గాజు గ్లాసులో శుభ్రమైన నీళ్లు పోసి, కోసిన కొస మునిగేలా పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో పాలదారంలాగా తెల్లగా కిందికి జారితే అది బాక్టీరియా తెగులే. ఆ మొక్కను మట్టితో సహా తీసేయండి. దాన్ని చూసి 'నీళ్లు తక్కువయ్యాయి' అని ఇంకా నీళ్లు పోసేవాళ్లను చాలామందిని చూశాను.

కోసిన ప్రతిసారీ కాయల లెక్క, బరువు రాయాలి. వంటింటి కాటా చాలు. కోతులు కొరికి పారేసినవి, పగిలినవి, పుచ్చినవి కూడా రాయండి. మంచివి మాత్రమే రాస్తే ఏ రకం ఎంత పాడైందో తెలియదు. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు వెళ్లి నాలుగు రోజులు నీళ్లు పెట్టలేదు. వచ్చీరాగానే నిండా తడిపాను. ఎండిన నేలకు ఒక్కసారిగా నీళ్లు అందితే లోపల కండ ఉబ్బుతుంది, తొక్క అంత సాగదు. మర్నాడు వికాస్ కాయలు తొడిమ దగ్గర వలయంలా పగిలాయి. రక్షక్ గట్టి తొక్కది, ఒక్కటే పగిలింది. తప్పు నాదే అయినా, ఆ లెక్క ఇప్పటికీ పనికొస్తోంది.

రుచి చూసేటప్పుడు పేర్లు చెప్పకండి. ఒకే రోజు కోసిన, ఒకేలా పండిన కాయలు తీసుకోండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, రుచి చచ్చిపోతుంది. అడ్డంగా కోస్తే గదులు, గింజల చుట్టూ ఉన్న రసం, గోడల మందం కనిపిస్తాయి. మూడు గిన్నెల కింద నంబర్లు రాసి, చిటికెడు ఉప్పు చల్లి అత్తమ్మకు ఇచ్చాను. వికాస్ ముక్క నోట్లో పెట్టుకుని, "ఇది చారుల వెయ్యి బిడ్డా, తొక్కుకు నీళ్లెక్కువైతయ్" అంది. రక్షక్ కండ దళసరి, తొక్కు (పచ్చడి) తొందరగా దగ్గర పడుతుంది. అందుకే 'ఏది మంచిది' అని కాకుండా 'దేనికి మంచిది' అని రాసుకుంటున్నాను. రకానికి ఐదు కాయలు వంటింటి అరలో పెట్టి, ఏది ఏ తేదీన ముడతపడిందో కూడా రాయండి.

మార్చి వచ్చాక కాసినవాటిని ఈ లెక్కలో కలపకండి. ఎండ 35 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది, వేడికి కాయ ఎర్రబడక నారింజ రంగులోనే ఆగిపోతుంది. ఆ నెలలకు వేరే పేజీ పెట్టుకోండి.

విత్తనం వికాస్‌దే దాస్తాను. హైబ్రిడ్ గింజలు మొలుస్తాయి కానీ తల్లిలాంటి కాయే వస్తుందన్న నమ్మకం లేదు. మూడో వరుసలోని ఆరోగ్యమైన మొక్క నుంచి బాగా పండిన కాయ తీసి, గుజ్జును గ్లాసులో రెండు రోజులు పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెడతాను. పరకాల వైపు మా అత్తమ్మ పుట్టింటి నుంచి తెచ్చిన నాటు గింజలు కూడా ఈసారి పొట్లంలో ఉన్నాయి. సామ్రాట్ చోటు వాటికి ఇస్తున్నాను.