రూటర్ బిగించే ముందు ఒకసారి చూసుకోండి

కడపలో ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. ఇళ్లలో వాడే చాలా రూటర్లు తట్టుకునేదీ దాదాపు అంతే. అందుకే ముందు చోటు చూడండి. ఎండ తగిలే కిటికీ పక్కన, టీవీ వెనక, మూసిన అల్మారాలో వద్దు. రాతి గోడల పాత ఇల్లయితే సిగ్నల్ గోడ దాటడం కష్టం, నడి ఇంట్లో కాస్త ఎత్తులో పెట్టించండి.

- కనెక్షన్ ఇచ్చే అబ్బాయి వెళ్లకముందే రూటర్ అడుగున ఉన్న స్టిక్కర్ ఫోటో తీసుకోండి. సెట్టింగ్స్ తెరవడానికి బ్రౌజర్‌లో కొట్టే 192.168.1.1 లాంటి అడ్రస్, లాగిన్ వివరాలు సాధారణంగా దాని మీదే ఉంటాయి.
- పాస్‌వర్డ్‌లు రెండు. చాలామంది పొరబడేది ఇక్కడే. వైఫైది ఒకటి, సెట్టింగ్స్ తెరిచేది ఇంకొకటి. రెండూ మార్చాలి. రెండోది అలాగే వదిలేస్తే, మీ వైఫై వాడుకునే ఎవరైనా లోపలికెళ్లి అన్నీ మార్చేయగలరు, మిమ్మల్నే బయట పెట్టగలరు. ఫోన్ నంబరు, పిల్లల పేర్లు దయచేసి పెట్టొద్దు.
- సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ (వైఫైకి తాళం వేసే పద్ధతి) డబ్ల్యూపీఏ3 పెట్టండి, అది లేకుంటే డబ్ల్యూపీఏ2. పాస్‌వర్డ్ కొట్టకుండానే బటన్‌తోనో పిన్‌తోనో కనెక్ట్ చేసే డబ్ల్యూపీఎస్ ఆపేయండి.
- ఇంటికొచ్చిన చుట్టాలు పాస్‌వర్డ్ అడిగితే కాదనలేం. వాళ్లకు గెస్ట్ నెట్‌వర్క్ (అదే రూటర్‌లో వేరే పేరు, వేరే పాస్‌వర్డ్‌తో నడిచే వైఫై) ఇవ్వండి.
- ఫర్మ్‌వేర్ (రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే రూటరే పాడైపోవచ్చు. ఇన్వర్టర్ ఉన్న ప్లగ్‌లో పెట్టాకే మొదలుపెట్టండి.