లాప్ స్టీల్ గిటార్ పికప్ మార్చాలా? లక్షణం చూసి కారణం పట్టుకోండి

ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద లోహపు బార్ జరుపుతూ వాయించే లాప్ స్టీల్‌లో శబ్దం తేడాగా ఉందనగానే నెపం పికప్ మీదికి, అంటే తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం మీదికి పోతుంది. చాలాసార్లు తప్పు దానిది కాదు. దానిదే అయినా, మామూలు ఎలక్ట్రిక్ గిటార్ కోసం రాసిన సలహాలు నమ్మి కొంటే డబ్బు దండగయ్యే ప్రమాదం ఉంది. ఎందుకంటే లాప్ స్టీల్‌లో తీగలన్నీ ఒకే మట్టంలో ఉంటాయి, వాటి మధ్య ఎడం వేరు, ఎత్తూ ఎక్కువే. మల్టీమీటరు, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి.

శబ్దమే రావడం లేదు

వేరే కేబుల్‌తో చూశాక కూడా అంతే అయితే, కేబుల్‌ను గిటార్‌కే ఉంచి రెండో కొసలో ప్లగ్ మొనకీ ఒంటికీ మధ్య మీటరు పెట్టండి, 20 కిలో ఓముల రేంజిలో. వాల్యూమ్ నాబ్ పూర్తిగా తెరిచి ఉండాలి. మూసి ఉంటే సున్నా చూపిస్తుంది, అనవసరంగా కంగారుపడతారు.

సింగిల్ కాయిల్‌కి (ఒకే తీగచుట్ట ఉన్న పికప్) సుమారు 5 నుంచి 7, పి-90కీ (వెడల్పాటి సింగిల్ కాయిల్) పాతరకం హంబకర్‌కీ (మోతను రద్దుచేసుకునే రెండు కాయిల్స్ పికప్) 7 నుంచి 9 కిలో ఓములు రావాలి. వస్తే పికప్ నుంచి ప్లగ్ దాకా దారి బాగానే ఉంది, ఆంప్ వైపు వెతకండి. మీటరు ‘1’ చూపిస్తే రేంజి పెంచి మళ్లీ చూడండి. 250 లేదా 500 కిలో ఓముల దగ్గర ఆగిందంటే మీకు కనిపిస్తున్నది వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే, తిప్పితే నిరోధం మారే భాగం) విలువ. కాయిల్ గానీ దాని వైరు గానీ తెగింది. అప్పుడు పికప్ వైరును పాట్ నుంచి విప్పి నేరుగా కొలవాలి. కాయిల్ తీగ సాధారణంగా 42 గేజి, అంటే 0.063 మి.మీ. మందం. అది ఎక్కువగా తెగేది బయటి వైరుకు అతికిన చోటే. ఆ కొస దొరికితే మళ్లీ సోల్డర్ చేసుకోవచ్చు, కొత్తది కొనక్కర్లేదు. లోపల తెగితేనే మార్చాలి, లేదా కాయిల్ మళ్లీ చుట్టించాలి.

ఎండాకాలంలో కొలత ఎక్కువొస్తే అనుమానపడకండి. 25 డిగ్రీల దగ్గర 8 కిలో ఓములున్న కాయిల్ 40 డిగ్రీల దగ్గర 8.5 దాకా చూపిస్తుంది. రాగి స్వభావమే అంత.

గుయ్‌మని ఆగకుండా మోత

బార్ తీసి తీగల మీద చెయ్యి వేయండి. మోత తగ్గితే గ్రౌండ్ సరిగానే ఉంది, పికప్ కూర్చునే గుంత లోపల రాగి టేపు వేసి ఆ టేపును గ్రౌండ్‌కి కలపాలి. ఏ మార్పూ లేకపోతే బ్రిడ్జికి వెళ్లే గ్రౌండ్ వైరు ఊడింది. చెయ్యి వేస్తే మోత పెరిగితే జాక్ దగ్గర రెండు వైర్లు తారుమారయ్యాయి. ఈ మూడింటికీ కొత్త పికప్ మందు కాదు. ఆంప్ ప్లగ్‌కి ఎర్త్ పిన్ను ఉందో లేదో కూడా చూడండి, విరిచేసిన పిన్నులు మన ఇళ్లలో కొల్లలు.

గిటార్‌ను ఒళ్లో అటూ ఇటూ తిప్పితే మోత పెరుగుతూ తగ్గుతూ ఉంటే మాత్రం అది సింగిల్ కాయిల్ లక్షణం. దగ్గర్లోని ట్రాన్స్‌ఫార్మర్ల 50 హెర్ట్జ్ మోతను కాయిల్ లాక్కుంటోంది. అక్కడ హంబకర్, లేదా సింగిల్ కాయిల్ సైజులోనే వచ్చే రెండు పట్టీల రైల్ పికప్ సరైన మందు.

ఒక తీగ గట్టిగా, ఇంకోటి నీరసంగా

లాప్ స్టీల్ వాళ్లకు అసలు తలనొప్పి ఇదే. దీనికి మూడు కారణాలుంటాయి, అవి మూడూ వేరువేరు.

చుట్టు తీగలన్నీ (పైన ఇంకో లోహపు తీగ చుట్టిన లావు తీగలు) నీరసంగా, సన్న తీగలు గట్టిగా ఉంటే ముందు తీగల పాకెట్ చూడండి. అకూస్టిక్ గిటార్‌కి నట్ (మెడ పైకొసన తీగలు ఆనే ముక్క) ఎత్తు పెంచి హవాయియన్‌గా మార్చుకున్నవాళ్లు బ్రాంజ్ తీగలే ఉంచేస్తుంటారు. బ్రాంజ్ చుట్టు అయస్కాంతానికి స్పందించదు, లోపలి ఉక్కు తీగ ఒక్కటే పనిచేస్తుంది. నికెల్ చుట్టు తీగలు వేస్తే సరి.

మూడో తీగ ఒక్కటే మిగతావాటిని మింగేస్తుంటే పోల్ పీసుల (పికప్‌లో ఒక్కో తీగ కింద ఉండే లోహపు కడ్డీలు) ఎత్తులు చూడండి. పాతరకం స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్) పికప్‌లో అవి హెచ్చుతగ్గులుగా ఉంటాయి, మూడోది బాగా ఎత్తు. వంపున్న ఫ్రెట్ బోర్డు కోసం, చుట్టు వేసిన మూడో తీగ కోసం పెట్టిన లెక్క అది. లాప్ స్టీల్‌లో తీగలు సమంగా ఉంటాయి కాబట్టి ఆ లెక్క బెడిసికొడుతుంది. ఆ కడ్డీని వేలితో కిందికి నొక్కుదామని చూడకండి. ఈ రకంలో కాయిల్‌ను నేరుగా అయస్కాంతపు కడ్డీల మీదే చుడతారు, కడ్డీ కదిలితే లోపలి వరస తీగ తెగుతుంది, పికప్ చచ్చిపోతుంది. కొనేటప్పుడే పోల్ పీసులన్నీ సమంగా ఉన్నదో, స్క్రూలతో సర్దుకునేదో, పోల్ పీసుల బదులు పొడుగు పట్టీ ఉండే రైల్ రకమో అడిగి తీసుకోండి.

ఒకటి, ఆరు తీగలు రెండూ నీరసంగా ఉంటే ఎడం సరిపోలేదు. పికప్ ఉన్న చోట, బ్రిడ్జి దగ్గర కాదు, మొదటి తీగ మధ్య నుంచి ఆరో తీగ మధ్య దాకా కొలవండి. పాతరకం గిబ్సన్ కొలత హంబకర్‌లో పోల్ పీసుల ఎడం 49–50 మి.మీ., ఫెండర్ కొలత హంబకర్‌లోనూ స్ట్రాట్‌లోనూ 52 మి.మీ. దరిదాపు. మీ కొలతకీ దీనికీ తేడా 2 మి.మీ. లోపుంటే పర్వాలేదు. అంతకు మించితే రైల్ తప్ప వేరే దారి వెతకొద్దు, పట్టీ పొడవు మీ కొలత కన్నా ఎక్కువుందా అన్నది ఒక్కటే చూసుకోండి. ఎనిమిది తీగలదానికి ఆరు పోల్ పీసులది పెడదామన్న ఆలోచన మానుకోండి.

కొత్తది గుంతలో కూర్చోదు, కూర్చున్నా తీగకు అందదు

తీగ అడుగు నుంచి చెక్క పైభాగం దాకా ఎంత, గుంత లోతు ఎంత, రెండూ రాసుకోండి. హంబకర్ కాళ్లు పొడుగు, పొట్టి రెండు రకాల్లో వస్తాయి. చెక్క పలచగా ఉంటే పొట్టి కాళ్లదే. అందకపోతే అడుగున గట్టి ఫోమ్ పెట్టి లేపండి. మొదట లావు తీగ వైపు 3 మి.మీ., సన్న తీగ వైపు 2 మి.మీ. ఎడం ఉంచి, అక్కణ్నుంచి చెవితో సర్దుకోండి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి శ్రుతి వణుకుతుంది.

కొత్త హంబకర్ పెట్టాక శబ్దం పలచగా, రేడియోలా

మీటరు 8 కిలో ఓములే చూపిస్తుంది, అయినా బేస్ ఉండదు, మోత మాత్రం ఉంటుంది. కాయిల్స్ రెండూ ఎదురెదురుగా కలిశాయి. ఒక కంపెనీ రంగుల పట్టిక చూసి ఇంకో కంపెనీ పికప్ బిగిస్తే జరిగేది ఇదే. సేమర్ డంకన్‌లో నలుపు హాట్ (సంకేతం వెళ్లే వైరు), ఆకుపచ్చ గ్రౌండ్, ఎరుపూ తెలుపూ కలిపి టేపు చుట్టాలి. డిమార్జియోలో ఎరుపు హాట్, ఆకుపచ్చ గ్రౌండ్, కలిపేది నలుపూ తెలుపూ. తొడుగు లేని వైరు రెండింట్లోనూ గ్రౌండ్‌కే. డంకన్ పట్టికతో డిమార్జియో బిగించి చూడండి, ఓ కాయిల్ తిరగబడుతుంది.

శబ్దం మొద్దుగా ఉంటే పాట్ చూడండి. సింగిల్ కాయిల్‌కి 250, హంబకర్‌కి 500 కిలో ఓములది మామూలు. పి-90కీ 500దే ఎక్కువమంది వాడతారు. టోన్ నాబ్ తిప్పుతూ వా-వా తెప్పించేవాళ్లు కెపాసిటర్ 0.047 మైక్రోఫారడ్‌ది వేసుకుంటే ఆ తేడా గట్టిగా వినిపిస్తుంది.

గుర్రపు నాడా పికప్ బలం తగ్గింది

పాత రికెన్‌బ్యాకర్ కంపెనీ లాప్ స్టీల్‌లలో అయస్కాంతాలు తీగల పైనుంచి వంగి ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందువాటి వెడల్పు ఒకటిన్నర అంగుళం, తర్వాతివి ఒకటింపావు. అందులో మామూలు పికప్ పట్టదు, పట్టించాలని చెక్క తొలిస్తే వాయిద్యం విలువ పోతుంది. కాయిల్ కొలత సరిగా ఉండి శబ్దం మాత్రం నీరసమైతే అయస్కాంతాలే బలం కోల్పోయి ఉంటాయి. పాత ఉక్కు అయస్కాంతాలకు అది మామూలే. వాటికి మళ్లీ అయస్కాంత శక్తి ఎక్కించగల పికప్ రిపేరు మనిషికి ఇవ్వండి. మీరే విప్పి బల్ల మీద విడిగా ఉంచితే ఉన్న శక్తి కూడా తగ్గుతుంది.