పాత సమాధి రాళ్లమీది అక్షరాలు చదవాలంటే

గోల్కొండ సుల్తానుల కాలంలో డచ్చివారూ, 1611లో ఆంగ్లేయులూ వర్తకానికి దిగిన మచిలీపట్నం రేవును గైడుతో కలిసి చూడడానికి హైదరాబాదు నుంచి వెళ్లేవారికి, బందరు కోట దగ్గరి డచ్చి శ్మశానవాటికలో ఒక చిక్కు ఎదురవుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో రాతిమీది అక్షరాలు కంటికి ఆనవు, ఫోటోలోనూ సరిగా రావు.

ఒకరు గొడుగుతో రాతికి నీడ పట్టాలి. రెండోవారు ఫోను టార్చిని రాతికి ఎదురుగా కాక, అంచు పక్కన, రెండు మూడు అంగుళాల ఎత్తులో, వెలుగు రాతిని ఒరుసుకుంటూ పోయేలా పట్టుకోవాలి. మరో ఫోనుతో సరిగ్గా పైనుంచి ఫోటో తీయాలి. ఎడమ అంచు నుంచి పడే వెలుగులో నిలువు గీతలు, పై అంచు నుంచి పడే వెలుగులో అడ్డగీతలు బాగా తేలతాయి గనుక రెండు ఫోటోలూ అవసరమే. మేము ఇలా చూసినప్పుడు, ఉత్త నున్నటి రాయి అనుకున్న చోట ‘అన్నో’ (‘ఫలానా సంవత్సరంలో’ అని అర్థం) అనే లాటిన్ మాట, దాని పక్కన అంకెల నీడలు కనిపించాయి. అంతవరకూ గైడు చెబుతున్నది వింటున్నామే గాని చూడలేదని అప్పుడు తెలిసింది.

నాచు పట్టిన రాళ్లమీద, పెచ్చులూడిన చోట ఈ పద్ధతి పనిచేయదు. అలాంటప్పుడు సుద్దపొడి రుద్దడం, గీకడం మాత్రం దయచేసి చేయవద్దు.