నాలుగు బ్యాండ్లకి ఒకే డ్రమ్మర్ అయితే ఎలా నెట్టుకురావాలి

ఇండీ రాక్‌లో, అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా నడిచే బ్యాండ్లలో, గిటారిస్టులు వీధికి నలుగురు దొరుకుతారు, డ్రమ్మరే దొరకడు. ఎందుకు దొరుకుతాడు లెండి, అపార్ట్‌మెంట్‌లో కిట్ పెట్టిన రెండో రోజే కింద ఫ్లోర్ ఆంటీ పైకొచ్చి తలుపు కొడుతుంది. అందుకే కాస్త లయ తప్పకుండా వాయించేవాడు ఒకడు ఉన్నాడని తెలిస్తే చాలు ఫోన్లు మొదలవుతాయి, మనం కూడా మొహమాటానికి పోయి అందరికీ సరే అనేస్తాం. నేను హైదరాబాద్‌లో ఒక టైమ్‌లో నాలుగు బ్యాండ్లకి వాయించా, ఇప్పుడు మూడు. చేతులు నొప్పెట్టడం పెద్ద విషయం కాదు, ఎవరి పాట ఎక్కడ ఎలా తిరుగుతుందో గుర్తుపెట్టుకోవడంలోనే ఉంది అసలు తిప్పలు.

కాబట్టి ముందు ఒక నోట్‌బుక్ కొనండి. ఫోన్‌లో రాసుకుంటా అంటారేమో, స్టేజ్ మీద చెమట చేతులతో స్క్రీన్ అన్‌లాక్ అవ్వదు, నా మాట వినండి. పాటకి అరపేజీ చాలు, నోటేషన్ రాకపోయినా ఏం పర్లేదు. నా నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంటుంది: పైన మూలలో 132 అని టెంపో (నిమిషానికి అన్ని బీట్లు), దాని పక్కనే కోరస్‌లో మొదటి నాలుగు మాటలు, ఎందుకంటే నెంబర్ చూస్తే ఏమీ తట్టదు గానీ ఆ మాటలు లోపల ఒకసారి పాడుకుంటే స్పీడ్ దానంతటదే వచ్చేస్తుంది. కింద "ఇంట్రో 8, గిటార్ ఒక్కటే. వెర్స్ 16, క్రాస్ స్టిక్. కోరస్ 8, రైడ్ వద్దు, క్రాష్ మీదే. రెండో కోరస్ తర్వాత రెండు బీట్ల బార్ ఒకటి ఎక్స్‌ట్రా!!!" అని ఉంటుంది. అంకెలు బార్ల లెక్క, బార్ అంటే మామూలుగా నాలుగు బీట్ల ముక్క. క్రాస్ స్టిక్ అంటే స్టిక్‌ని స్నేర్ అనే చిన్న డ్రమ్ మీద అడ్డంగా పెట్టి అంచు మీద కొట్టడం, రైడ్, క్రాష్ రెండూ సింబల్స్, అంటే లోహపు పళ్ళేలు. ఆ మూడు ఆశ్చర్యార్థకాలు ఊరికే రాలేదు, రెండు షోల్లో ఆ బార్ మర్చిపోయి నేను ముందే దూకేస్తే మిగతా ముగ్గురూ ఒకేసారి వెనక్కి తిరిగి నా మొహం చూశారు.

టెంపో సంగతి ఇంకా ఘోరం. ఒక రాత్రి ఒకే చోట రెండు బ్యాండ్లకి వాయించా, మొదటిది 176లో ఉరికే పంక్ టైపు, పావుగంట గ్యాప్ తర్వాత రెండోది మెత్తటి పాటలు, నాకేమో ఇంకా రొప్పు తగ్గలేదు, గుండె పాత బ్యాండ్‌లోనే ఉంది, 96లో ఎత్తుకోవాల్సిన పాటకి ఏ 115 దగ్గరో కౌంట్ ఇచ్చేశా. పాడే అమ్మాయికి ఊపిరి తీసుకోడానికి కూడా చోటు దొరకలేదు పాపం, పాటంతా బస్సు వెనకాల పరిగెత్తినట్టు పాడింది. అప్పట్నుంచి లైట్ వెలిగే చిన్న మెట్రోనోమ్ (టెంపో చూపించే యంత్రం) ఒకటి హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట సింబల్స్) పక్కన పెట్టుకుంటున్నా. ప్రతి పాటకి ముందు నాలుగు వెలుగులు చూస్తా, ఆ తర్వాతే స్టిక్స్ కొడతా. జనం వెయిట్ చేస్తారు, ఏం కాదు.

ఇక వాయించే తీరు. అన్ని బ్యాండ్లకీ ఒకే ఫిల్ (పాటలో ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెళ్ళేటప్పుడు కొట్టే చిన్న ముక్క) కొట్టేవాడిని మూడో నెలకి ఎవరూ పిలవరు. దీనికి నేను వెళ్ళి విన్నది అమెరికాలో ఇద్దర్ని. జానెట్ వైస్ అని పోర్ట్‌లాండ్ డ్రమ్మర్, స్టిక్స్ పట్టిందే 22 ఏళ్ళకి, అది చూసి నాకు కాస్త ధైర్యం వచ్చింది. 1996లో స్లీటర్-కినీ అనే బ్యాండ్‌లో చేరి 2019 దాకా ఉంది, అందులో బేస్ గిటార్ లేదు, రెండు గిటార్లు, డ్రమ్స్, అంతే, దాంతో బేస్ ఇవ్వాల్సిన బరువు కూడా చాలావరకు కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), టామ్ డ్రమ్‌ల మీదే పడేది. అదే మనిషి 1993 నుంచీ శామ్ కూమ్స్‌తో కలిసి క్వాజై అనే ఇంకో బ్యాండ్ నడుపుతోంది, అక్కడ ఎక్కువగా కీబోర్డ్, డ్రమ్స్, పైగా తను పాడుతుంది కూడా. మధ్యలో స్టీఫెన్ మాల్క్‌మస్ బ్యాండ్, వైల్డ్ ఫ్లాగ్ సరేసరి. రెండోవాడు జాన్ వర్‌స్టర్, సూపర్‌చంక్ అనే బ్యాండ్‌లో 1991 నుంచి 2023 దాకా ఉన్నాడు, అది చాలదన్నట్టు బాబ్ మోల్డ్ అనే రాక్ గాయకుడి పక్కన గోడలు అదిరేలా కొట్టి, మౌంటెన్ గోట్స్ అనే ఇంకో బ్యాండ్‌కి వచ్చేసరికి కథ చెప్పేవాడి మాట వినపడేలా చేతులు దగ్గర పెట్టుకుంటాడు. ఈ రెండూ ఒకే సాయంత్రం వెనకాముందూ వినండి, నేను పేజీలు రాసినా అంత అర్థం కాదు.

నేను పాటించేది మాత్రం ఒకటే, కొత్త బ్యాండ్‌లో మొదటి జామ్‌కి రెండు టామ్స్ తీసి పక్కన పెట్టేస్తా. కిక్, స్నేర్, హైహ్యాట్‌తోనే పాట నిలబడుతుందో లేదో చూస్తా, నిలబడితే మిగతావి అవసరాన్ని బట్టి వస్తాయి.

డేట్ల విషయంలో మొహమాటం అస్సలు పనికిరాదు. షేర్డ్ క్యాలెండర్ ఒకటి పెట్టి అన్ని బ్యాండ్ల వాళ్ళకీ కనిపించేలా చేయండి, ముందు ఎవరు కన్ఫర్మ్ చేస్తే డేట్ వాళ్ళది, తర్వాత ఎంత పెద్ద షో వచ్చినా మార్చకూడదు. నేను ఒకసారి మార్చా, ఆ బ్యాండ్ బేసిస్ట్ ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు. తన తప్పేం లేదు.

సామాన్లు: కిట్ వేదిక వాళ్ళదే ఉంటుంది గానీ స్నేర్, సింబల్స్, కిక్ పెడల్, స్టిక్స్ మనవే పట్టుకెళ్ళాలి. ఒక డ్రమ్ కీ (డ్రమ్ బిగించే చిన్న పనిముట్టు) తాళాల గుత్తికి, ఇంకోటి బ్యాగ్‌లో. ఒక చిన్న కార్పెట్ ముక్క కూడా, నున్నటి స్టేజ్ మీద కిక్ డ్రమ్ ముందుకు జారుతుంటే దాన్ని వెంబడిస్తూ వాయించడం నరకం.

చెవుల గురించి సీరియస్‌గా చెప్తున్నా. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు ఉండొచ్చు అంటుంది అమెరికాలో పనిచేసే చోట ఆరోగ్యం, భద్రత చూసే సంస్థ నియోష్ లెక్క, ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగమైపోతుంది, అంటే 100 దగ్గర పావుగంటే. చిన్న జామ్ రూమ్‌లో క్రాష్ పక్కన కూర్చున్నాక 100 దాటడం ఎంతసేపు? మనకేమో వారానికి నాలుగు రిహార్సల్స్. సూపర్‌చంక్ బేసిస్ట్ లారా బాలన్స్ చెవి సమస్యతోనే 2013లో టూర్లు మానేసింది, ఆమె ప్లేస్‌లో స్టేజ్ ఎక్కిన జేసన్ నార్డూసీ బాబ్ మోల్డ్ బ్యాండ్‌లో వర్‌స్టర్ పక్కన వాయించేవాడే. మ్యుజీషియన్ ఇయర్‌ప్లగ్స్ కొనండి, కొత్త సింబల్ తర్వాత చూసుకోవచ్చు.

డబ్బులు తక్కువే, ఉద్యోగం వదలకండి. జానెట్ వైస్ కూడా టీవీ షోకి లొకేషన్ల పని చేసింది. ఏ షోకి ఎంత, క్యాబ్ ఎవరిది అనేది ముందే మెసేజ్‌లో రాయించుకోండి, నోటి మాట మీద వెళ్తే రాత్రి ఒంటిగంటకి "వాళ్ళు ఇంకా ఇవ్వలేదు బ్రో" అని వినాలి. కార్పొరేట్ షో వాళ్ళు టీడీఎస్ కట్ చేస్తే అది మీ పాన్ మీద పడిందో లేదో ఐటీ పోర్టల్‌లో చూసుకోండి, నాకు ఒక కంపెనీ కట్ చేసింది గానీ కట్టలేదు, ఆరు నెలలు వెంటపడ్డా.

ఎప్పుడో ఒకసారి ఒక బ్యాండ్ వదిలేయాల్సొస్తుంది. ఒప్పుకున్న షోలు పూర్తి చేసి, కొత్త డ్రమ్మర్‌కి ఆ పాటల పేజీలు ఇచ్చేయండి. నేను నాలుగో బ్యాండ్ వదిలినప్పుడు పేజీలు చింపి ఒక కుర్రాడికి ఇచ్చా, వారం తర్వాత మెసేజ్ పెట్టాడు, "అన్నా, ఆ రెండు బీట్ల బార్ దగ్గర మూడు గీతలు ఎందుకు పెట్టావో నిన్న షోలో తెలిసింది" అని.